బెజవాడ ఎండకు ఏ రీలు, ఎంత వెలుతురు?

పాత కెమెరా చేతికి రాగానే అందరూ అడిగేది "ఏ ఫిల్మ్ మంచిది?" అని. దానికి జవాబు కెమెరాలో లేదు, మీరు ఏ పూట బయటికెళ్తారన్న దాంట్లో ఉంది. మిట్ట మధ్యాహ్నం ప్రకాశం బ్యారేజీ మీద బాగా పనికొచ్చే రీలు, రాత్రి ఎనిమిదింటికి బీసెంట్ రోడ్డులో చేతులెత్తేస్తుంది. అందుకే ముందు వేళ చూసుకోండి, తర్వాత రీలు కొనండి, వెలుతురు కొలిచే మీటరు సంగతి ఆ తర్వాత. మీ దగ్గరున్నది 35 ఎంఎం మాన్యువల్ కెమెరా అనుకుని చెబుతున్నాం. అంతకంటే వెడల్పైన 120 రీలు వాడేవాళ్ళకూ వెలుతురు లెక్కలు ఇవే.

ఏ వేళకు ఏ స్పీడు

డబ్బా మీద ఉండే 100, 200, 400 అంకెలే ఫిల్మ్ స్పీడు, అంటే ఐఎస్‌ఓ. అంకె రెట్టింపైతే ఆ ఫిల్మ్‌కు సగం వెలుతురు చాలు. ఈ రెట్టింపునో సగాన్నో ఒక స్టాప్ అంటాం. లెన్స్ మీద 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అని ఉండే వరస అపర్చరుది, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రానిది. వీటినే ఎఫ్2, ఎఫ్16 అంటాం. చిన్న అంకెకు జరపడం తెరవడం, పెద్ద అంకెకు జరపడం మూయడం. ఆ వరసలో ఒక్కో అంకె ముందుకు జరిగితే ఒక స్టాప్ వెలుతురు తగ్గుతుంది. షట్టరు తెరిచి ఉండే సమయాన్ని 1/125 సెకను నుంచి 1/250కి మార్చినా అంతే. మూడు చోట్లా ఒకటే కొలత కాబట్టి ఒక చోట తగ్గించింది ఇంకో చోట కలుపుకోవచ్చు.

నిండు ఎండలో ఎఫ్16 పెట్టి, షట్టరును ఐఎస్‌ఓ అంకెకు దగ్గరగా ఉంచితే చాలు. ఐఎస్‌ఓ 100కి 1/125, 400కి 1/500. ఇక్కడే ఒక చిక్కుంది. చాలా పాత కెమెరాల్లో షట్టరు 1/1000 దగ్గర ఆగిపోతుంది. పెంటాక్స్ కె1000, కెనాన్ ఏఈ-1 అలాంటివే. జెనిట్ రకాల్లో చాలావాటికి 1/500 దాకానే ఉంటుంది. 400 రీలుతో ఎండలోకి వెళ్తే 1/1000 దగ్గర ఎఫ్11 పెట్టక తప్పదు. మనిషి మొహం స్పష్టంగా ఉండి వెనకనున్న బజారు మసకబారాలనుకుంటే కుదరదు, ఎందుకంటే ఎఫ్11లో వెనక బోర్డు మీద అక్షరాలు కూడా చదవొచ్చు. అదే 100 రీలైతే 1/1000తో ఎఫ్5.6 దాకా తెరవొచ్చు.

కాబట్టి పగటి పూట ఆరుబయట తీసేవాళ్ళు 100 గానీ 200 గానీ కొనండి. పొద్దున, సాయంత్రం, వన్ టౌన్ సందులు, రైతు బజారు పాకల కింద, ఇంటి వరండాలో అయితే 400. రాత్రి బజార్లకు 800, లేదా 400 రీలును సాగదీసి వాడటం. దాని సంగతి తర్వాత చెబుతాం. ఒక్క రీలే కొని అన్నిటికీ వాడతానంటే మాత్రం 400 తీసుకోండి. గింజ, అంటే బొమ్మ మీది సన్నటి రేణువులు, కాస్త ఎక్కువ కనిపిస్తుంది, కానీ బొమ్మ పోదు.

ఏ రకం కొనాలి

కలర్ నెగటివ్, బ్లాక్ అండ్ వైట్ నెగటివ్, స్లైడు (ఫిల్మ్ మీదే అసలు రంగుల్లో బొమ్మ వచ్చేది) అని మూడు రకాలు. కొత్తవాళ్ళకు మొదటి రెండే మంచివి, ఎందుకంటే నెగటివ్‌కు ఓర్పు ఎక్కువ. కొడాక్ గోల్డ్ 200, అల్ట్రామ్యాక్స్ 400, పోర్ట్రా 400 వంటి కలర్ నెగటివ్‌ల మీద రెండు స్టాప్‌లు వెలుతురు ఎక్కువ పడినా ప్రింటు బాగానే వస్తుంది. రెండు స్టాప్‌లు తక్కువ పడితే మాత్రం నీడలు బురద రంగులోకి తిరిగి, గింజ తేలి, ఎంత మంచి ల్యాబ్ అయినా చేసేదేమీ ఉండదు. స్లైడు దీనికి తిరగేసిన వ్యవహారం. ఎక్తాక్రోమ్ ఇ100 లాంటి ఫిల్మ్ మీద ఒక స్టాప్ ఎక్కువైనా తెల్ల గోడ ఖాళీ కాగితంలా అయిపోతుంది.

బ్లాక్ అండ్ వైట్‌లో ఇల్ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ (400), ఎఫ్‌పి4 ప్లస్ (125), కొడాక్ ట్రై-ఎక్స్ 400, కొంచెం చవకలో కెంట్‌మియర్ 100, 400, ఫోమాపాన్ 100 దొరుకుతాయి. మొదటి ఆరు రీళ్ళూ ఒకే రకం వాడమని మా సలహా. రీలు రీలుకీ బ్రాండు మారిస్తే తప్పు మీదా, ఫిల్మ్‌దా, ల్యాబ్‌దా ఎప్పటికీ తేలదు.

డబ్బులు కట్టే ముందు ఇంకో మాట: రీలును ఎక్కడ కడిగిస్తారో, అంటే డెవలప్ చేయిస్తారో, ముందే ఖాయం చేసుకోండి. కలర్ నెగటివ్‌కు సి-41, స్లైడుకు ఇ-6, మామూలు బ్లాక్ అండ్ వైట్‌కు వేరే రసాయనాలు. "రీళ్ళు కడుగుతాం" అన్న ప్రతి స్టూడియోలో ఈ మూడూ ఉండవు. ఇల్ఫోర్డ్ ఎక్స్‌పి2 సూపర్ ఒక్కటి బ్లాక్ అండ్ వైట్ అయినా సి-41లోనే కడుగుతారు. సినిమా ఫిల్మ్‌ను చిన్న డబ్బాల్లోకి చుట్టి అమ్ముతుంటారు. దానికి వెనక రెమ్‌జెట్ అనే నల్ల పూత ఉంటే మామూలు సి-41 మెషీన్లో వేయకూడదు, ఆ మసి ఊడి రసాయనమంతా, వెనకొచ్చే వాళ్ళ రీళ్ళూ పాడవుతాయి. కొనేటప్పుడే "రెమ్‌జెట్ ఉందా, తీసేశారా?" అని అడగండి. తీసేసిన ఫిల్మ్‌తో రాత్రి పూట లైట్ల చుట్టూ ఎర్రటి వలయం వస్తుంది. అది లోపం కాదు, వెలుతురు ఫిల్మ్ వెనక నుంచి తిరిగి కొట్టడం వల్ల వచ్చేది. కొందరు దాని కోసమే కొంటారు.

గడువు తీరిన రీళ్ళ మీద మోజు వద్దు. చల్లగా దాచని కలర్ నెగటివ్‌కు పదేళ్ళకో స్టాప్ వెలుతురు ఎక్కువ ఇవ్వాలని ఒక మోటు లెక్క ఉంది గానీ, మన వేసవులు పది చూసిన రీలుకు ఆ లెక్క కూడా సరిపోదు. ఊటీలో 1960లో మొదలైన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' రీలు ఏ బీరువాలోనో దొరికితే గాజు అల్మరాలో పెట్టుకోండి, పెళ్ళికి మాత్రం తీసుకెళ్ళకండి.

వేడి నుంచి కాపాడటం

ఫిల్మ్‌కు మన ఊళ్ళో మొదటి శత్రువు వెలుతురు కాదు, వేడి. వేడికి రంగుల పొరలు ఒక్కోటి ఒక్కో తీరున దెబ్బతిని, చివరికి ప్రింటులో పచ్చనో గులాబీనో ఒక ఛాయ పరుచుకుంటుంది. అన్నిటికంటే చెడ్డ చోటు స్కూటర్ సీటు కింది డిక్కీ. కింద ఇంజను, పైన ఎండ, మధ్యలో మీ రీలు. కారు డ్యాష్‌బోర్డు దాని తర్వాతిది.

వాడని రీళ్ళను ప్లాస్టిక్ డబ్బాతో సహా గాలి చొరని సంచీలో పెట్టి ఫ్రిజ్‌లో, కింది అరలో ఉంచండి. డీప్ ఫ్రీజర్ ఏళ్ళ తరబడి దాచుకునే వాటికే. వాడబోయే ముందు బయటికి తీసి, డబ్బా మూత తియ్యకుండా గంట నుంచి గంటన్నర ఆగాలి. చల్లటి రీలును ఉక్కపోతలో తెరిస్తే మజ్జిగ గ్లాసుకు పట్టినట్టే దానికీ చెమ్మ పడుతుంది, ఆ చుక్కల మచ్చలు నెగటివ్ మీద మిగిలిపోతాయి. పొద్దున ఆరింటికి బయల్దేరేవాళ్ళు రాత్రి పడుకునేటప్పుడే బయట పెట్టేసుకుంటే సరి.

తీసేసిన రీలు ఇంకా సున్నితం. నెలల తరబడి కెమెరాలోనే ఉంచకుండా వారంలోపు కడిగించండి. కొరియర్లో వేరే ఊరి ల్యాబ్‌కు పంపుతుంటే సోమవారమో మంగళవారమో పంపండి, శనివారం పంపితే ఆదివారమంతా ఏ రేకుల గోడౌన్లోనో మగ్గుతుంది. గన్నవరం నుంచి విమానం ఎక్కేవాళ్ళు రీళ్ళను చెకిన్ సామాన్లో అస్సలు వేయకండి. చేతి సంచీలో పారదర్శకమైన కవర్లో పెట్టి, చేత్తో తనిఖీ చెయ్యమని మర్యాదగా అడగండి. ఒప్పుకోకపోవచ్చు. 800, ఆపై స్పీడు రీళ్ళకు ఎక్స్‌రే దెబ్బ ఎక్కువ, కొత్త సీటీ స్కానర్లయితే 100 రీలును కూడా పాడు చెయ్యగలవు.

రీలు ఎక్కించడం

ఎండకు వీపు తిప్పి, మీ నీడలోనే ఎక్కించండి. ఆ పని కంటే ముందు వెనక తలుపు అంచున ఉండే నల్ల స్పాంజి వేలితో నొక్కి చూడండి. పాత కెమెరాల్లో అది మన వేడికీ చెమ్మకూ తారులా కరిగి జిగటగా మారి ఉంటుంది. అలా ఉంటే వెలుతురు కారుతుంది, ప్రతి ఫ్రేములో ఒకే వైపు నారింజ రంగు చార పడుతుంది. స్పిరిట్‌తో ఆ జిగురు తుడిచేసి, నల్ల ఊలు దారమైనా సరే గాడిలో అతికిస్తే పని నడుస్తుంది.

రీలు నాలుకను (డబ్బా బయటికి ఉండే ఫిల్మ్ కొసను) ఫిల్మ్ చుట్టుకునే కడ్డీ గాడిలో దూర్చి, ఫిల్మ్‌ను ముందుకు జరిపే లీవరును ఒకసారి లాగండి. పైనా కిందా రెండు వైపులా పళ్ళు చిల్లుల్లోకి దిగాయో లేదో చూసి తలుపు మూయండి. తర్వాత ఎడమ చేతి వైపున్న రివైండ్ పిడిని సవ్యంగా మెల్లగా తిప్పితే వదులంతా పోయి బిగుతు తగులుతుంది, అక్కడ ఆపండి. ఇప్పుడు లీవరు లాగినప్పుడల్లా ఆ పిడి వెనక్కి తిరుగుతుండాలి. తిరగట్లేదంటే ఫిల్మ్ కదలట్లేదు, ముప్పయ్యారు సార్లు నొక్కినా ఒక్క బొమ్మ రాదు. కొత్తవాళ్ళ రీళ్ళు ఖాళీగా రావడానికి మొదటి కారణం ఇదే. రెండు ఫ్రేములు ఖాళీగా నొక్కి, లెక్కను 1 మీదికి తెచ్చి, ఐఎస్‌ఓ చక్రం తిప్పండి. ఈ ఆఖరి పని మర్చిపోయి పాత రీలు అంకెతోనే మొత్తం లాగించేయడం రెండో కారణం.

మీటరు బ్యాటరీ సంగతి. 1970ల ముందు కెమెరాలు కొన్ని 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ మీద నడిచేవి, అవి ఇప్పుడు రావు. వాటి బదులు 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే మీటరు సాధారణంగా ఉన్నదాని కంటే ఎక్కువ వెలుతురు ఉందని చెబుతుంది, ఫిల్మ్ మీద తక్కువ పడుతుంది. వినికిడి మిషన్లలో వేసే 675 సైజు జింక్-ఎయిర్ బ్యాటరీ 1.4 వోల్టులు, అది సరిపోతుంది. చుట్టూ ఒక చిన్న రింగు పెట్టి అమర్చండి. కొన్ని వారాల్లో అయిపోతుంది, ఇంకోటి జేబులో ఉంచుకోండి. ఏ కెమెరా అయినా మొదటి రోజు నీడలో ఉన్న ఒక సాదా గోడకు గురిపెట్టి, ఫోనులో లైట్ మీటర్ యాప్‌తో పోల్చండి. ఒక స్టాప్ తేడా స్థిరంగా ఉంటే ఐఎస్‌ఓ చక్రంతోనే సర్దుకోవచ్చు. గోడ గోడకూ తేడా మారుతుంటే ఆ మీటరును మర్చిపోండి.

మీటరు లేకుండా వెలుతురు లెక్క

విజయవాడ దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు నిజంగానే నడినెత్తికి వస్తాడు. ఆగస్టులో మబ్బు కాపాడుతుంది. మేలో మాత్రం మనుషుల కళ్ళు గుంటల్లా నల్లబడతాయి, నీడ కాళ్ళ కిందే ఉంటుంది. ఆ వేళ మనుషుల్ని తియ్యాలంటే చెట్టు నీడకో అరుగు మీదికో తీసుకెళ్ళండి.

షట్టరు ఐఎస్‌ఓకు దగ్గరగా పెట్టారనుకుంటే, అపర్చరు నీడల్ని చూసి మారుస్తూ పోవాలి. నీడ అంచు కత్తితో కోసినట్టుంటే ఎఫ్16. సూర్యలంక ఇసుక మీద, మధ్యాహ్నం కృష్ణ నీళ్ళ తళుకు మీద ఎఫ్22. సంక్రాంతి పొద్దుటి మంచులో, పల్చటి మబ్బులో నీడ ఉందా అంటే ఉంది అన్నట్టుంటే ఎఫ్11. నీడే పడకుండా వెలుగ్గా ఉంటే ఎఫ్8. శ్రావణం ముసురులో ఎఫ్5.6. ఎండ రోజున గోడ నీడలో, ఆకాశం కనిపించే చోట ఎఫ్4. సూర్యుడు మీ ఎదురుగా ఉండి మనిషి మొహం మీద నీడ ఉంటే, ఆ రోజు అంకె నుంచి రెండు స్టాప్‌లు తెరవండి.

దీపాలు పెట్టాక లెక్క వేరు. ఐఎస్‌ఓ 400 రీలుతో బాగా లైట్లున్న దుకాణాల వీధిలో ఎఫ్2 దగ్గర 1/60 నుంచి 1/125. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద ఎఫ్2, 1/30. చేతిలో పట్టుకుని తీస్తే 1/30 కంటే కింద చెయ్యి వణుకు బొమ్మలో కనిపిస్తుంది. 135 ఎంఎం లెన్స్ అయితే 1/125 లోపు వద్దు.

మీటరు చెప్పేది ఎలా వినాలి

కెమెరా మీటరుకు ప్రపంచమంతా ఒకే మధ్యస్థ బూడిద రంగు. తెల్ల పంచె కట్టిన తాతగారిని ఫ్రేము నిండా చూపిస్తే, పంచెను బూడిద చెయ్యడానికి వెలుతురు తగ్గించమంటుంది. వింటే పంచె మాసినట్టు వస్తుంది, తాతగారి మొహం బొగ్గులా వస్తుంది. అప్పుడు ఒకటిన్నర స్టాప్‌లు తెరవాలి. మంగళగిరి గాలిగోపురం, ఉప్పలపాడు చెరువు మీద తెల్ల కొంగలు, అన్నీ ఇదే కోవ. గేదెను చూపిస్తే తిరగేసి చెబుతుంది, గేదెను బూడిద చెయ్యాలని వెలుతురు పెంచమంటుంది. నెగటివ్ ఫిల్మ్ అయితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, స్లైడు అయితే ఒక స్టాప్ మూయండి.

ఈ గొడవ తప్పించుకోవడానికి మీ అరచేయి చాలు. ఎవరి ఒంటి రంగు ఏదైనా అరచేతులు ఇంచుమించు ఒకే తెలుపులో, మీటరు బూడిద కంటే సుమారు ఒక స్టాప్ ఎక్కువగా ఉంటాయి. తీయబోయే వస్తువు మీద పడే ఎండే మీ అరచేతి మీద పడేలా చాచి, ఫ్రేము నిండా అరచేయి ఉండేలా కొలిచి, వచ్చినదాని కంటే ఒక స్టాప్ తెరవండి. వస్తువు నీడలో ఉండి మీరు ఎండలో ఉంటే ఈ కొలత పనికిరాదు. చెయ్యి కూడా నీడలోకి తీసుకెళ్ళాలి.

ఎండా నీడా కలిసిన చోట నెగటివ్‌ను నీడకు కొలవాలి. ఉదాహరణకు వన్ టౌన్‌లో ఒక పాత ఇల్లు, వీధంతా ఎండ, అరుగు మీద నీడలో ఒకావిడ పూలు కడుతోంది. రీలు 100, షట్టరు 1/125. వీధిని కొలిస్తే ఎఫ్16 వస్తుంది. అరుగును కొలిస్తే ఎఫ్4. వీధి మాట వింటే ఆవిడ చీకట్లో కలిసిపోతుంది. అరుగు మాట యథాతథంగా వింటే నీడ నీడలా ఉండదు, బూడిద రంగులోకి తేలుతుంది. కాబట్టి అరుగు కొలతను తీసుకుని రెండు స్టాప్‌లు మూయండి, ఎఫ్8. ఇప్పుడు నీడ నీడలాగే ఉంటుంది, పూలదండ కనిపిస్తుంది, వీధి ఎండ రెండు స్టాప్‌లు ఎక్కువై ఫిల్మ్ మీద ముదురుగా పడుతుంది గానీ నెగటివ్ దాన్ని మోస్తుంది. ఇదే చోట స్లైడు ఉంటే ఎఫ్11కీ 16కీ మధ్య పెట్టి ఎండను కాపాడి, అరుగును వదులుకోవాలి. లేదా ఆవిడ ఒక్కతే ఫ్రేములో ఉండేలా దగ్గరికెళ్ళాలి.

"400 రీలును 200 పెట్టి వాడు" అని చాలామంది చెబుతారు. మంచి సలహానే, ఒక స్టాప్ ఊరికే కలిసొస్తుంది. కానీ చక్రం మీద సగం పెట్టి, మళ్ళీ నీడను కొలిచి రెండు స్టాప్‌లు మూయకుండా వదిలేస్తే మూడు స్టాప్‌లు ఎక్కువ పడుతుంది. అప్పుడు ఆకాశం, తెల్ల చొక్కాలు గట్టిపడి స్కానర్‌కు కూడా చిక్కవు. ఏదో ఒక పద్ధతే పట్టుకోండి.

ఎర్ర మిరప మీద ఒక పాఠం

గుంటూరు చుట్టుపక్కల ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఫిల్మ్‌కు మంచి పరీక్ష. అక్కడ మిరప రాశిని మీటరుకు చూపించకండి, ఫ్రేమంతా ఒకే గాఢమైన రంగు ఉంటే పాత మీటర్లు తలో మాట చెబుతాయి. అరచేయి చాపండి, ఒక స్టాప్ తెరవండి, అంతే.

కలర్ నెగటివ్ మీద ఇంకో అర స్టాప్ ఎక్కువైనా మేలే. స్లైడు మీద ఎరుపు త్వరగా నిండిపోతుంది, కాయ మీది ముడతలూ మెరుపూ పోయి ఎర్ర ముద్ద మిగులుతుంది. అందుకని అరచేతి లెక్క కంటే అర స్టాప్ మూయండి. బ్లాక్ అండ్ వైట్‌లో అసలు కథ ఉంది. లెన్స్ ముందు ఫిల్టరు (రంగు గాజు) లేకుండా తీస్తే ఎర్ర కాయా, పచ్చ తొడిమా దాదాపు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి, రాశి మట్టికుప్పలా ఉంటుంది. 25వ నంబరు ఎర్ర ఫిల్టరు పెడితే కాయలు తెల్లబడి తొడిమలు, ఆకాశం నల్లబడతాయి. ఆకుపచ్చ ఫిల్టరు పెడితే కాయలు నల్లగా నిగనిగలాడి తొడిమలు వెలుగుతాయి. మిరప కారంగా అనిపించాలంటే మా ఓటు ఆకుపచ్చకే. ఎరుపును అసలు చూడలేని ఇల్ఫోర్డ్ ఆర్థో ప్లస్ ఫిల్మ్‌తో కాయ ఫిల్టరు లేకుండానే నల్లగా వస్తుంది.

ఫిల్టరు వెలుతురు తింటుంది. పసుపు ఒక స్టాప్, నారింజ రెండు, ఎరుపు మూడు. లెన్స్ గుండా కొలిచే కెమెరా అయితే మీటరు చాలావరకు తనే సర్దుకుంటుంది, చేతి మీటరో ఫోనో అయితే మీరే కలపాలి. అన్నట్టు కల్లంలో లెన్స్ మార్చకండి, ఆ దుమ్ము లోపలికి పోతే తియ్యలేరు. కాయలు ముట్టుకున్న చేత్తో వ్యూఫైండరు రబ్బరు ముట్టుకుంటే ఏమవుతుందో కన్ను ఆనించిన క్షణంలో తెలుస్తుంది.

రాత్రి, సాగదీయడం

దసరాకు కృష్ణలో తెప్పోత్సవం, లైట్లు పెట్టిన బ్యారేజీ. వీటికి రెండు దారులు. మొదటిది స్టాండు. 400 రీలుతో దూరం నుంచి బ్యారేజీ లైట్లకు ఎఫ్8, ఒక సెకను దగ్గర మొదలుపెట్టి, రెండు, నాలుగు సెకన్లు కూడా తీసి ఉంచుకోండి. సెకను దాటితే ఫిల్మ్ బద్ధకిస్తుంది, వెలుతురుకు తగ్గట్టు స్పందించదు. హెచ్‌పి5 ప్లస్‌కు మీటరు 4 సెకన్లంటే 6 ఇవ్వాలి, 10 అంటే 20, 30 అంటే దాదాపు 86. కేబుల్ రిలీజు (కెమెరాను ముట్టుకోకుండా షట్టరు నొక్కే తీగ) లేకపోతే సెల్ఫ్ టైమరు వాడండి, నొక్కిన వణుకు ఆగాకే షట్టరు తెరుచుకుంటుంది. ఆకాశం పూర్తిగా నల్లబడే దాకా ఆగకండి, పొద్దుగుంకిన పావుగంట, ఇరవై నిమిషాలకు నీలం మిగిలి ఉన్నప్పుడే బ్యారేజీ గేట్లు విడివిడిగా కనిపిస్తాయి.

రెండోది, జనం మధ్య చేత్తో తీయడం. 400 రీలుకు చక్రం మీద 1600 పెట్టి తీసి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచమనడం. దీన్నే పుష్ అంటారు. రీలు మొత్తం ఒకే అంకె మీద తీయాలి, సగంలో మారిస్తే కుదరదు. తీసిన వెంటనే డబ్బా మీద మార్కర్‌తో "1600, రెండు స్టాప్‌ల పుష్" అని రాయండి, నోటితో చెప్పింది కౌంటరు దగ్గరే ఆగిపోతుంది. పుష్ వల్ల వెలుగులు గట్టిపడతాయి, నీడల్లో పడని వెలుతురు ఎంత కడిగినా రాదు. అందుకే లైటు మొహం మీద పడే మనుషుల్నే ఎంచుకోండి. హెచ్‌పి5, ట్రై-ఎక్స్ దీన్ని బాగా తట్టుకుంటాయి.

మొదటి రీలు ఇలా వాడండి

36 ఫ్రేముల 400 రీలు ఎక్కించి నాలుగు చోట్లు ఎంచుకోండి: ఎండలో తెల్ల గోడ పక్కన మనిషి, అరుగు నీడలో మనిషి, సాయంత్రం బ్యారేజీ మీద నుంచి పడమటి నీళ్ళు, రాత్రి దుకాణం ముందు. ఒక్కో చోట ఐదు ఫ్రేములు: మీ కొలత ఒకటి, ఒక స్టాప్ తక్కువ ఒకటి, ఒకటి, రెండు, మూడు స్టాప్‌లు ఎక్కువ తలా ఒకటి. పడమటి నీళ్ళకు సూర్యుణ్ణి ఫ్రేములో పెట్టి కొలవకండి, పక్కనున్న ఆకాశాన్ని కొలవండి. ఇరవై ఫ్రేములూ అంకెలతో సహా చిన్న పుస్తకంలో రాసుకోండి. మిగిలిన పదహారు మీ ఇష్టం.

అయిపోయాక కింది బొత్తాం నొక్కి, రివైండ్ పిడిని మెల్లగా తిప్పండి. బిగుతు వదిలాక ఇంకో రెండు చుట్లు తిప్పి అప్పుడు తలుపు తీయండి. నాలుక బయట ఉండిపోతే మడిచేయండి, లేకపోతే కొత్త రీలనుకుని మళ్ళీ ఎక్కిస్తారు. పొరపాటున మధ్యలో తలుపు తెరిస్తే గబుక్కున మూయండి. పైచుట్లలోవి పోతాయి, లోపలి చుట్లలోవి చాలావరకు బతుకుతాయి.

ల్యాబ్ నుంచి స్కాన్లతో పాటు నెగటివ్‌లు కూడా అడిగి తీసుకోండి. స్కానర్ తనంతట తాను వెలుతురు సర్దేస్తుంది, మీ తప్పు దాచేస్తుంది. నెగటివ్‌ను కిటికీకి ఎత్తి చూడండి. బొమ్మ పలచగా ఉండి, అంచున కంపెనీ పేరూ అంకెలూ నల్లగా స్పష్టంగా ఉంటే తప్పు మీదే, వెలుతురు తక్కువ పడింది. అంచు అక్షరాలు కూడా వెలిసినట్టుంటే కడగడంలో లోపం. అక్షరాలు బాగుండి ఫ్రేములే లేకపోతే ఫిల్మ్ కదల్లేదు, లేదా షట్టరు తెరుచుకోలేదు. అక్షరాలూ లేకుండా మొత్తం గాజులా ఉంటే బొమ్మను తేల్చే డెవలపర్ పని చెయ్యలేదు, లేదా దానికంటే ముందు, బొమ్మను నిలిపే ఫిక్సర్ పోశారు. రీలంతా నల్లగా ఉంటే ఎక్కడో వెలుతురు తగిలింది. ఆ నాలుగు చోట్ల ఐదేసి ఫ్రేముల్లో, నీడలో వివరం మొదట కనిపించింది ఏదో గుర్తు పెట్టుకోండి. అది మీ కొలత కంటే ఒక స్టాప్ ఎక్కువ ఇచ్చిన ఫ్రేమైతే, రెండో రీలుకు మీ కెమెరా చక్రం మీద 400కు బదులు 200 పెట్టండి.